గవర్నమెంట్ హైస్కూల్లో చదువు సాగడం లేదా? ఇంట్లో ఎలా చూసుకోవాలి, బడిలో ఎలా అడగాలి

మా గల్లీలో గానీ, బడి గేటు దగ్గర గానీ, బడి కమిటీలో ఉన్నానని తెలిసి ఫోన్ చేసేవాళ్లు గానీ నన్ను అడిగేది ఒకటే. "పాప ఎనిమిదికొచ్చింది, ప్రోగ్రెస్ కార్డు నిండా ఏ గ్రేడే, ఇంట్లో చిన్న భాగహారం ఇస్తే దిక్కులు చూస్తోంది. బడి మార్చేయమంటారా?" ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకే వరసగా రాసిపెడుతున్నా. హైదరాబాద్ జిల్లాలోని గవర్నమెంట్ హైస్కూళ్లకీ, ఉప్పల్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వైపు ఉన్న జిల్లా పరిషత్ హైస్కూళ్లకీ ఇదంతా వర్తిస్తుంది. 6 నుంచి 9 తరగతుల పిల్లలున్నవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. పదో తరగతి వాళ్లకి చివర్లో వేరేగా చెప్పాను, టైమ్ లేకపోతే నేరుగా అక్కడికే వెళ్లండి.

ఒక్కటి ముందే చెప్తా. బడికెళ్లి "చదువు ఏం బాగోలేదు సార్" అంటే ఎవరూ కదలరు, "మీ వాడు ఇంట్లో పుస్తకం తీస్తున్నాడా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది, మనం నోరు మూసుకుని వస్తాం. అదే "వీడికి భిన్నాలు రావు, ఇదిగో కాగితం, సంక్రాంతి సెలవుల లోపు దీనికి ఏం చేయగలరు?" అంటే సమాధానం చెప్పక తప్పదు. కింద రాసిందంతా ఆ కాగితం తయారు చేసుకోవడానికీ, దాన్ని పట్టుకుని సరైన మనిషి దగ్గరికి వెళ్లడానికీ.

ఏమేం కావాలి

– ఒక 100 పేజీల నోటుబుక్. ఇది మీది, పిల్లలది కాదు. పరీక్ష, మాట్లాడిన మాట, తేదీ అన్నీ ఇందులోనే రాయాలి.
– ఐదో తరగతి తెలుగు, ఇంగ్లీషు, లెక్కల పుస్తకాలు. పక్కింటి పిల్లల దగ్గర దొరుకుతాయి, లేదంటే బడి పుస్తకాలు తయారు చేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితం.
– పిల్లల ఇప్పటి నోటుబుక్కులు అన్నీ, ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో బడిలో పెట్టే చిన్న పరీక్షలు) పేపర్లు ఇంటికి ఇస్తే అవి కూడా.
– ఒక ఆదివారం పొద్దున గంటన్నర, టీవీ కట్టేసి, ఫోన్ పక్క గదిలో పెట్టేసి.
– మీతోపాటు కనీసం ముగ్గురు నలుగురు తల్లిదండ్రుల నంబర్లు. దీని అవసరం 6వ మెట్టులో తెలుస్తుంది.

మీకు చదువు రాకపోయినా ఇది చేయొచ్చు. ఇంటర్ చదివే పిల్లనో, మేనల్లుడినో పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ గదిలో మీరు ఉండండి.

1. మార్కులు పక్కన పెట్టి ఇంట్లో పరీక్ష పెట్టండి

ప్రోగ్రెస్ కార్డు ఎందుకు నమ్మొద్దంటున్నానంటే, ఎఫ్‌ఏ మార్కుల్లో ప్రాజెక్టుకు కొన్ని, నోటుబుక్ రాతకు కొన్ని, చిన్న పరీక్షకు కొన్ని ఉంటాయి. ప్రాజెక్టు నెట్ సెంటర్లో ప్రింట్ తీయించినదే, నోట్స్ బోర్డు చూసి దించినవే. పైగా మన దగ్గర ఎనిమిదో తరగతి వరకు ఫెయిల్ చేసి ఆపే పద్ధతి లేదు. కాబట్టి వచ్చినా రాకపోయినా పై క్లాసుకు వెళ్తారు, తొమ్మిదిలో అడుగుపెట్టేదాకా సంగతి బయటపడదు.

పరీక్ష ఇలా పెట్టండి.

చదవడం: ఐదో తరగతి తెలుగు వాచకంలో పాప ఎప్పుడో చదివి మర్చిపోయిన పేజీ ఒకటి తీసి గట్టిగా చదవమనండి. ఆగి ఆగి చదివితే ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గీత పెట్టండి. చాలామందికి ఒత్తుల దగ్గరే ఆగుతుంది. తర్వాత పుస్తకం మూసి "ఏముంది అందులో?" అని అడగండి. గడగడా చదివేసి ఏమీ చెప్పలేకపోయిందంటే అది చదవడం కాదు, ఆ తేడా రాసుకోండి. ఇంట్లో ఉర్దూనో హిందీనో మాట్లాడేవాళ్లు ఆ భాషలో చెప్పనివ్వండి, అర్థమైందా లేదా అన్నదే మనక్కావాలి.

డిక్టేషన్: అదే పేజీ నుంచి ఐదు వాక్యాలు. తప్పుల్ని లెక్కపెట్టడం కంటే ఎలాంటి తప్పులో చూడండి. వత్తులు పోతున్నాయా, దీర్ఘాలు పోతున్నాయా, మొత్తం పదమే ఎగిరిపోతోందా.

ఇంగ్లీషు: ఐదో తరగతి పుస్తకం నుంచి నాలుగు చిన్న వాక్యాలు చదివించి తెలుగులో అర్థం చెప్పమనండి. ఏడో తరగతి సైన్స్ పుస్తకంలో పెద్ద పెద్ద మాటలు అద్దంలా చదివేసే పిల్లలు కూడా "మా నాన్న నిన్న ఊరెళ్లాడు" అన్నంత చిన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పలేకపోవడం నేను చాలాసార్లు చూశా.

లెక్కలు: ఈ ఏడు ఇవ్వండి. కాలిక్యులేటర్ లేదు, టైమ్ పెట్టొద్దు.
క) 403 – 167
ఖ) 816 ÷ 8
గ) 3/4 + 1/6
ఘ) –7 – 3
ఙ) 240లో 15 శాతం ఎంత
చ) 3x + 5 = 20 అయితే x ఎంత
ఛ) కిలో టమాటా 32 రూపాయలు, ముప్పావు కిలోకి ఎంత

జవాబులు వరసగా 236, 102, 11/12, –10, 36, 5, 24 రూపాయలు.

జవాబు తప్పయితే కొట్టేసి వదిలేయకండి, ఏం తప్పు రాసిందో చూడండి. అసలు సమాచారమంతా అందులోనే ఉంటుంది. 403 – 167కి 364 అని రాస్తే ప్రతి నిలువు వరసలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది, అప్పు తెచ్చుకోవడం రాదన్నమాట. అది మూడో తరగతి సంగతి. 816 ÷ 8కి 12 అని రాస్తే మధ్యలో సున్నా పెట్టాలని తెలియదు, స్థానవిలువ రాదు. 3/4 + 1/6కి 4/10 అంటే పైవి పైవి, కిందివి కిందివి కలిపేసింది, భిన్నం అంటే ఏమిటో మనసుకు పట్టలేదు. –7 – 3కి –4 అనో 10 అనో అంటే ఆరు, ఏడు తరగతుల పూర్ణసంఖ్యల పాఠం ఎక్కలేదు. ఇక 3x + 5 చేసేసి టమాటా లెక్క దగ్గర ఆగిపోయే పిల్లలు ఉంటారు, వాళ్లకి పద్ధతి కంఠస్థం, లెక్క రాదు.

మరీ కింది స్థాయి పరీక్షలా ఉందే అనుకోకండి. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వేలో అడిగేది ఇంతకంటే చిన్నవే. రెండో తరగతి స్థాయి కథ ఒకటి చదవడం, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, అంతే. దేశమంతా హైస్కూలుకొచ్చిన పిల్లల్లో కూడా అవి రానివాళ్లు చాలామంది ఉన్నారని ఆ రిపోర్టులు మళ్లీ మళ్లీ చెప్తూనే ఉన్నాయి.

జాగ్రత్త: పరీక్ష పెట్టేటప్పుడు తిట్టొద్దు, "పక్కింటి వాడికి వస్తుంది చూడు" అనొద్దు. ఒక్కసారి అలా అన్నారంటే మళ్లీ మీ ముందు పుస్తకం తెరవరు, రాని లెక్క వచ్చినట్టు నటించడం నేర్చుకుంటారు.

2. నోటుబుక్కులు తిరగేయండి

మూడు విషయాలు చూడాలి. తేదీలు, దిద్దడం, ఎవరి మాటలు.

తేదీలు వరసగా ఉన్నాయా, ఆగస్టులో నాలుగు పేజీలు రాసి మళ్లీ అక్టోబర్ దాకా ఏమీ లేదా? లెక్కల నోట్సులో నెలరోజులు ఖాళీ ఉంటే బడిలో ఆ నెల ఏం జరిగిందో అడగాల్సిందే. ముందు పాప ఆ రోజుల్లో బడికి వెళ్లిందో లేదో మీరు చూసుకోండి, లేకపోతే మొదటి మాటలోనే మన నోరు మూయిస్తారు.

దిద్దడం అంటే ఎర్ర టిక్కు కాదు. పేజీ మొత్తానికి కిందనుంచి పైదాకా ఒక పొడవాటి గీత, చివర సంతకం ఉంటే ఎవరూ చదవలేదన్నమాట. మా ఇంట్లోనే ఒక సైన్స్ నోట్సులో మొక్కలు ఆక్సిజన్ తీసుకుని పిండిపదార్థం తయారు చేస్తాయని రాసుంది, పక్కన టిక్కు, కింద 'గుడ్'. కార్బన్ డయాక్సైడ్ అని ఉండాలి కదా, రాసిన పిల్ల చూడలేదు, దిద్దినవాళ్లు చూడలేదు.

ఎవరి మాటలు అంటే, ప్రతి పాఠం వెనక 'మీ అభిప్రాయం రాయండి', 'మీ ఊళ్లో ఎలా ఉందో రాయండి' అనే ప్రశ్నలుంటాయి. వాటికి కూడా క్లాసులో నలభైమందీ ఒకటే జవాబు రాసుంటే అది గైడులోంచి వచ్చింది. పక్కింటి పిల్ల నోట్సు పక్కన పెట్టి చూస్తే అక్షరం అక్షరం తెలిసిపోతుంది.

3. లోపం ఎక్కడుందో విడగొట్టండి

ఇది చేయకుండానే అందరూ బడికి పరిగెడతారు, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా అందరికీ ఒకటే గోలీ మింగించినట్టు. నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ అడగాల్సిన మనిషి వేరు.

మొదటిది, టీచరే లేరు. పోస్టు ఖాళీ, లేదా ఉన్న టీచర్ డిప్యుటేషన్ మీద వేరేచోట ఉన్నారు, లేదా పొడుగు సెలవులో ఉన్నారు. ఇందులో హెచ్ఎం (ప్రధానోపాధ్యాయులు) గారి మీద అరిచి లాభం లేదు, ఆయన చేతుల్లో లేదు. టీచర్ల నియామకానికి పెట్టే డీఎస్సీలో 2024లో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి చాలావరకు భర్తీ చేశారు, అయినా మీ బడిలో ఫలానా సబ్జెక్టుకు మనిషి వచ్చారో లేదో మీరే కనుక్కోవాలి.

రెండోది, టీచర్ ఉన్నారు, పాఠం కావడం లేదు. ఇది హెచ్ఎం గారితో తేల్చుకోవాల్సింది.

మూడోది, పాఠం అవుతోంది, టీచర్ మంచివారే, కానీ మీ పాపకి ఐదో తరగతివే రావు. నన్నడిగితే ఎక్కువమంది ఇళ్లలో ఇదే. ఏడో తరగతి గదిలో మూడు నాలుగు తరగతుల స్థాయి పిల్లలు కలిసి కూర్చుంటారు, టీచర్ సిలబస్ పూర్తి చేయాలి, వెనకబడ్డవాళ్లు ఇంకా వెనకబడతారు. టీచర్ని తిట్టుకుంటే పాపకి భిన్నాలు రావు.

నాలుగోది భాష. 2022–23లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టి తర్వాత పై తరగతులకు తీసుకెళ్లారు. పిల్లకి విషయం తెలుగులో తెలుసు, ప్రశ్న ఇంగ్లీషులో అర్థం కాదు. కనిపెట్టడం సులువు, అదే ప్రశ్న తెలుగులో అడిగి చూడండి. ఠక్కున చెప్పేస్తే లోపం భాషలోనే ఉంది.

నోటుబుక్‌లో ఒక్క పేజీ రాయండి: ఏం వచ్చు, ఏం రావు, ఏ సబ్జెక్టు ఏ రకం. ఒక్క పేజీ చాలు, రెండో పేజీ ఎవరూ చదవరు.

4. ముందు సబ్జెక్టు టీచర్‌తో మాట్లాడండి

చాలా బళ్లలో నెలలో మూడో శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంటుంది. ఆ రోజు గుంపులో పని కాదు, ముఖం చూపించి, "మేడం, ఒక పది నిమిషాలు ఎప్పుడు రమ్మంటారు?" అని టైమ్ తీసుకుని ఇంకో రోజు వెళ్లండి. మధ్యాహ్న భోజనం గంటలో వెళ్లొద్దు, వాళ్లు పిల్లల భోజనాల దగ్గర ఉంటారు.

మాట ఇలా మొదలుపెట్టొచ్చు: "సార్, మా పాప ఏడో తరగతి బి సెక్షన్. ఇంట్లో కూర్చోబెట్టి చూశాను, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం, భిన్నాలు కలపడం రావడం లేదు. ఇదిగో తను రాసిన కాగితం. క్లాసులో మీకు ఎలా కనిపిస్తోంది? నేను ఇంట్లో ఏం చేయిస్తే మీకు వీలుగా ఉంటుంది?"

ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. తప్పు పట్టడానికి రాలేదని అప్పుడే అర్థమవుతుంది. చాలామంది టీచర్లు అప్పటిదాకా బిగుసుకుని ఉన్నవాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితం తీసుకుంటారు, ఎందుకంటే వాళ్లకీ ఇలా కాగితంతో వచ్చే తల్లిదండ్రులు కనపడరు. వాళ్లేం చెప్పారో ఇంటికొచ్చాక తేదీతో రాసుకోండి.

జాగ్రత్త: పిల్లని పక్కన నిలబెట్టి ఇదంతా మాట్లాడొద్దు. ఫోన్‌లో రికార్డు చేయొద్దు, క్లాసులో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం అసలే వద్దు. ఆ ఒక్క పనితో మీ వైపున్న టీచర్లు కూడా అవతలి వైపుకి వెళ్లిపోతారు.

ఇంకొకటి. బడి టీచరే "సాయంత్రం మా ఇంటికి ట్యూషన్‌కి పంపండి" అంటే, విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. గొడవ అక్కర్లేదు, "బడిలోనే ఒక అరగంట చూడండి సార్" అని మర్యాదగా తప్పుకోండి.

5. హెచ్ఎం గారికి రాసి ఇవ్వండి

మూడు వారాలు చూసినా మార్పు లేకపోతే, లేదా మీది మొదటి, రెండో రకం లోపమైతే, నోటిమాట ఆపి కాగితం మొదలుపెట్టండి. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులో రాస్తేనే విలువ అన్నది ఉత్తమాట. ఇలా ఉంటే చాలు:

"ప్రధానోపాధ్యాయులు గారికి,
మా అమ్మాయి (పేరు) మీ పాఠశాలలో 8వ తరగతి ఎ సెక్షన్ చదువుతోంది. ఈ విద్యా సంవత్సరం జులై నుంచి ఫిజికల్ సైన్స్ క్లాసులు జరగడం లేదు. నోటుబుక్‌లో చివరి తేదీ (తేదీ). దయచేసి ఈ కింది విషయాలు తెలియజేయగలరు.
1) ఈ సబ్జెక్టు ప్రస్తుతం ఎవరు బోధిస్తున్నారు?
2) ఇప్పటివరకు ఎన్ని పాఠాలు పూర్తయ్యాయి, మిగిలినవి ఎప్పటికి పూర్తవుతాయి?
3) టీచర్ లేకపోతే వర్క్ అడ్జస్ట్‌మెంట్ కోసం పై అధికారులకు రాశారా?
ఇట్లు, (పేరు, ఫోన్, సంతకం, తేదీ)"

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. "ఇక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే పెట్టి రావొద్దు. సంతకం ఇవ్వకపోతే అదే రోజు పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ చేయండి, రసీదే మీ రుజువు.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. కోపంలో నాలుగు పేజీలు రాస్తారు, టాయిలెట్లు, నీళ్లు, భోజనం, చదువు, సార్ మాటతీరు అన్నీ ఒకేదాంట్లో. అప్పుడు వాళ్లు సులువైనదానికి జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. ట్యాంకు కడిగిస్తారు, ఫిజిక్స్ అలాగే ఉంటుంది. ఒక కాగితానికి ఒకటే విషయం.

మూడో ప్రశ్నలో రాసిన వర్క్ అడ్జస్ట్‌మెంట్ గురించి చాలామందికి తెలియదు. పక్క బడిలో ఒకే సబ్జెక్టుకు అవసరానికి మించి టీచర్లుంటే తాత్కాలికంగా మన బడికి సర్దుబాటు చేయొచ్చు, ఆర్డర్ పైనుంచి రావాలి. "టీచర్ని వేయండి" అంటే ప్రభుత్వం నియామకం చేయాలి, ఏళ్లు పడుతుంది. "వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద వారానికి మూడు రోజులైనా ఎవరినైనా పంపండి" అంటే అది ఆఫీసు స్థాయిలో అయ్యే పని.

6. ఒక్కరే వెళ్లకండి

"మేం అడిగితే పిల్ల మీద కక్ష పెట్టుకుంటారేమో" అన్న భయం అందరికీ ఉంటుంది, ఊరికే కొట్టిపారేయలేం. దానికి మందు గుంపే. అదే సెక్షన్ తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి సంతకాలు పెడితే ఎవరి పిల్ల అని వేలు చూపించలేరు. అందుకే నంబర్లు దగ్గర పెట్టుకోమన్నది.

బడి యాజమాన్య కమిటీ ఉంటుంది, విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. దాంతోపాటు 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, రిపేర్లూ సదుపాయాల పనులు ఎక్కువగా వాటి ద్వారా నడుస్తున్నాయి. మీ కమిటీలో ఎవరున్నారో హెచ్ఎం గారిని అడిగి తెలుసుకోండి. నిజం చెప్పాలంటే చాలాచోట్ల సభ్యులకు రిజిస్టర్ ఇంటికొచ్చి సంతకం తీసుకున్నప్పుడే తాము సభ్యులమని గుర్తొస్తుంది. మీటింగుకి వెళ్లి "సిలబస్ ఎంతవరకు అయింది" అనేది ఎజెండాలో రాయించండి, మినిట్స్‌లో వచ్చిందో లేదో చదివాకే సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద మాత్రం పెట్టొద్దు.

చట్టంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి: 24వ సెక్షన్ ప్రకారం టీచర్లు సమయానికి రావాలి, సిలబస్ గడువులోపు పూర్తి చేయాలి, ప్రతి పిల్ల స్థాయినీ అంచనా వేసి అవసరమైతే అదనంగా చెప్పాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి. 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒక టీచర్, ఏడాదికి 220 పనిరోజులు. ఇవన్నీ 8వ తరగతి వరకు, 14 ఏళ్ల లోపు పిల్లలకు. అందుకే ఎనిమిది దాటేలోపే అడగండి అంటున్నా, తొమ్మిదిలో ఈ చట్టం పట్టు ఉండదు.

7. అప్పటికీ కదలకపోతే పైకి

హైదరాబాద్ జిల్లాలో మండలానికి డిప్యూటీ ఐఓఎస్ (బడుల తనిఖీ అధికారి), పైన డిప్యూటీ ఈఓ (ఉప విద్యాధికారి), ఆపైన డీఈఓ (జిల్లా విద్యాధికారి). రంగారెడ్డి, మేడ్చల్ వైపు అయితే కింద ఎంఈఓ (మండల విద్యాధికారి) ఉంటారు. మెట్లు ఎగ్గొట్టి నేరుగా పైకి పోతే అక్కడినుంచి మళ్లీ కిందికే పంపుతారు, నెల పోతుంది. మీ స్టాంపు వేసిన కాపీ జతచేసి ఒక్కో మెట్టూ ఎక్కండి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో తీసుకుంటారు. అర్జీకి నంబరు ఇస్తారు, అది రాసుకోండి. చట్టం 32వ సెక్షన్ కింద రాసిచ్చిన ఫిర్యాదుకు మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలి.

ఫిర్యాదు ఇష్టం లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఇది మెత్తగా ఉంటుంది కానీ బాగా పనిచేస్తుంది. డీఈఓ ఆఫీసుకైతే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లు రుజువు జతచేస్తే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. అడగాల్సినవి: మా బడికి సబ్జెక్టు వారీగా మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నది ఎంతమంది, ఖాళీ ఎప్పటి నుంచి, డిప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లు ఎవరు, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఆ రిపోర్టు కాపీ. "చదువు ఎందుకు చెప్పడం లేదు?" అని అడగొద్దు. ఎందుకు అనేదానికి జవాబు రాదు, కాగితాలే అడగాలి.

8. ఈలోపు ఇంట్లో

ఆఫీసుల పని ఆఫీసుల్లో నడుస్తుంటుంది, పాప ఏడాది ఆగదు కదా. రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ. పది నిమిషాలు గట్టిగా చదవడం. ఇరవై నిమిషాలు ఒకే ఒక్క లోపం మీద లెక్కలు. పది నిమిషాలు ఇవాళ బడిలో చెప్పింది మీకు చెప్పడం. మీరు అంట్లు తోముతూ వినొచ్చు, కానీ మధ్యలో "అదెందుకు?" అని అడగాలి.

వరస తప్పొద్దు. స్థానవిలువ, తీసివేత, ఎక్కాలు, భాగహారం, ఆ తర్వాత భిన్నాలు, అప్పుడు శాతాలు. ఎక్కాలు రాకుండా భిన్నాలు మొదలుపెట్టి ఇద్దరూ ఏడ్చిన ఇళ్లు నాకు తెలుసు.

సైన్స్, సోషల్‌కి: ఇప్పటి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటాయి. ముందు తెలుగు పేజీ చదివి అర్థం చెప్పించండి, తర్వాత ఇంగ్లీషు పేజీలో అవే మాటల కింద గీతలు పెట్టించండి. రోజుకు ఐదు మాటలు. పాఠాల్లో ఉన్న క్యూఆర్ కోడ్ ఫోన్‌తో కొడితే దీక్షా యాప్‌లో వీడియోలు వస్తాయి, ప్రభుత్వ చానల్ టీశాట్ పాఠాలు కూడా ఉచితం. ఒక వీడియో చూశాక ఫోన్ తీసేసుకోండి, రెండోది ఏదవుతుందో మీకు తెలుసు.

ట్యూషన్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ హోంవర్క్ చేయించి పంపే ట్యూషన్ వద్దు. గల్లీలో ఇరవైమందిని వరసగా కూర్చోబెట్టి బడి నోట్సే మళ్లీ రాయిస్తారు. మీ ఒక్క పేజీ కాగితం వాళ్లకి ఇచ్చి "ఇవి నేర్పించండి, హోంవర్క్ అక్కర్లేదు" అనండి. ఒప్పుకోకపోతే వేరేచోటు చూసుకోండి.

పాప ఎనిమిదిలో ఉంటే ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. గవర్నమెంట్, ఎయిడెడ్ బడి పిల్లలకే, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉండాలి. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. దరఖాస్తు బడి నుంచే వెళ్లాలి, దసరాకి ముందు నుంచే హెచ్ఎం గారికి గుర్తు చేస్తూ ఉండండి. రాకపోయినా నష్టం లేదు, ఆ ప్రిపరేషన్‌తోనే సగం లోపాలు బయటపడతాయి.

9. ఫలితం ఎలా చూసుకోవాలి

ఆరు వారాల తర్వాత అదే పరీక్ష, వేరే అంకెలతో. 403 – 167 బదులు 502 – 268, జవాబు 234. అవే అంకెలు ఇస్తే జవాబు గుర్తుంటుంది, లెక్క కాదు. తర్వాత తప్పు లెక్క ఒకటి మీరే రాసి "ఇందులో తప్పెక్కడుంది?" అని అడగండి. పట్టుకుని చెప్పగలిగితే వచ్చినట్టే.

మాయచేసే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఎఫ్‌ఏ మార్కులు ఒక్కసారిగా పెరిగి ఇంటి పరీక్షలో ఏమీ మారకపోతే మీరు ఫిర్యాదు చేశారని మార్కులు వేశారంతే. నోట్సు అందంగా, పూర్తిగా ఉందంటే కూడా సంబరపడకండి, తేదీలు చూడండి, ఒకే పెన్నుతో ఒకే రోజు రాసినట్టుంటే అది ఇన్‌స్పెక్షన్ కోసం రాయించింది.

బడి మార్చాలనుకుంటే

చాలామంది మొదట అడిగేది ఇదే, నేను చివర్న పెట్టింది కావాలనే. టై, బూట్లు, వ్యాను చూసి చిన్న ప్రైవేటు బడిలో చేర్పించే ముందు ఒక పని చేయండి. మీ గల్లీలోనే ఆ బడిలో అదే క్లాసు చదివే పిల్లని పిలిచి, వాళ్లమ్మ ఒప్పుకుంటే, పైన రాసిన ఏడు లెక్కలు ఇవ్వండి. జవాబు అందులోనే దొరుకుతుంది. చాలాసార్లు 816 ÷ 8కి అక్కడ కూడా 12 వస్తుంది, నెలకు ఫీజు కట్టి మరీ. ఆ పిల్ల బాగా చేస్తే, టీచర్లు ఏడాదంతా ఉంటున్నారా, మధ్యలో మారిపోతున్నారా అని కూడా వాళ్లమ్మనే అడగండి, బడి ఆఫీసులో అడగొద్దు. గురుకులాల్లో చేర్పించాలనుకుంటే ఐదో తరగతి ప్రవేశ పరీక్షే పెద్ద తలుపు, పై తరగతుల్లో మిగిలిన సీట్లకు మాత్రమే అవకాశం, నోటిఫికేషన్ చూస్తూ ఉండాలి.

పదో తరగతి వాళ్లకి

ఇక్కడ లెక్క వేరు. పునాదులన్నీ మళ్లీ వేసేంత టైమ్ లేదు. ఇంటర్నల్స్‌లో 20కి 18, 19 వచ్చాయని ధైర్యం పడొద్దు, రాయాల్సింది 80 మార్కుల పేపరు, పాసవడానికి 35 శాతం కావాలి. సైన్స్ రెండు పేపర్లు, ఫిజికల్ సైన్స్ ఒక రోజు, బయాలజీ ఇంకో రోజు, 40 మార్కుల చొప్పున. దసరా సెలవుల్లో పాత పేపరు ఒకటి గడియారం చూసుకుంటూ పూర్తిగా రాయించి, ఏ సబ్జెక్టులో గీత కింద ఉందో చూడండి. లెక్కల్లో ఉంటే మొత్తం పుస్తకం పట్టుకోకుండా పాప చేయగలిగిన నాలుగైదు చాప్టర్లు టీచర్‌తోనే గుర్తుపెట్టించి అవే మళ్లీ మళ్లీ చేయించండి. సాయంత్రం స్పెషల్ క్లాసులకు తప్పకుండా పంపండి, అక్కడ లెక్కలు మేడం ఒక్కో పిల్లని విడిగా చూసే వీలుంటుంది, మామూలు పీరియడ్‌లో ఉండదు. ప్రీఫైనల్ పేపర్లు దిద్దాక ఇంటికి అడిగి తెచ్చుకోండి, మార్కులు కాదు, పేపర్లు. పబ్లిక్ పరీక్షకు ముందు మిగిలిన రోజుల్లో ఏ పాఠం తీయాలో, ఏది వదిలేయాలో ఆ పేపర్లు చూసే నిర్ణయించుకోండి.